మూడు అద్దాల మీద బొట్టు

మా వెనక గదిలోని అద్దాల పెట్టె పండగ నాడు తప్ప పనిచేయదని నిర్ధారించుకోవడానికి నాకు ఒక వానాకాలం పట్టింది.

నేను నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న క్యాలిబ్రేషన్ ల్యాబ్‌లో పనిచేస్తాను. చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి ప్రెషర్ గేజ్‌లు, వెర్నియర్లు, తూకపు రాళ్లు వస్తాయి. ఒక్కోటి ఎంత తప్పు చూపిస్తోందో కొలిచి సర్టిఫికెట్ ఇస్తాం. అంతకుముందు ఫిజిక్స్‌లో ఎం.ఎస్సీ. చేశాను. క్వాంటమ్ మెకానిక్స్ పునాదుల మీద పరిశోధన చేస్తానని ఒక ఇంటర్వ్యూకు వెళితే, బల్లకు అవతల కూర్చున్న ఒకాయన, "లెక్క సరిగ్గా వస్తోంది కదా, ఇంకేం కావాలి నీకు?" అని అడిగారు. ఇంకేం కావాలో నాలుగు అంశాలుగా చెప్పుకుపోదామని సిద్ధపడి వెళ్లాను. మొదటి అంశం మధ్యలో ఉండగానే తర్వాతి అభ్యర్థిని పిలిచారు.

అయితే ఆ పెట్టె నా కోసం కట్టింది కాదు. డిగ్రీలో నాకు ఫిజిక్స్ చెప్పిన సార్ కోసం కట్టింది.

సార్ రిటైరై ఉప్పల్ మార్కెట్ వెనక సందులో ఉంటున్నారు. షుగర్ వల్ల కుడి కన్ను ముందే పోయింది. ఎడమ కంటి రెటీనా కూడా పాడవుతోందని, ఇంజెక్షన్లతో కొంత కాలం ఆపగలమే కానీ కాపాడలేమని డాక్టర్ చెప్పేశారు. అది విన్న వారంలోనే సార్ నాకు ఫోన్ చేశారు. మామూలు యోగక్షేమాలయ్యాక, "ఒక్కటి సూడాల్నని ఉన్నది బిడ్డా. కండ్లు పోకముందే," అన్నారు. తిరుపతి అనుకున్నాను. ఆయన అడిగింది చుక్కలు.

ఆ చుక్కలేమిటో చెప్పాలి. ఎర్రటి లేజర్ వెలుగును ఒక సగం అద్దం మీద వేస్తారు. సగం అద్దం అంటే సగం వెలుగును పక్కకు మళ్లించి, మిగతా సగాన్ని తనలోంచి పోనిచ్చేది. అలా రెండు దారులుగా విడిపోయిన వెలుగును చెరో నిండు అద్దం మళ్లిస్తే, రెండు దారులూ ఇంకో సగం అద్దం దగ్గర మళ్లీ కలుస్తాయి. అక్కడ కెమెరా పెడితే ఒక వెలుగు గీత, ఒక నల్ల గీత, మళ్లీ వెలుగు, మళ్లీ నలుపు. ఇంతవరకు వింతేమీ లేదు, అలలు కలిసిన చోట అలాగే జరుగుతుంది. ఇప్పుడు వెలుగును తగ్గిస్తూ పోవాలి. పెట్టెలో ఒకసారికి ఒక్క వెలుగు రేణువుకు మించి ఉండనంతగా తగ్గించాలి. అప్పుడు కెమెరాలో ఒక చుక్క పడుతుంది. కాసేపటికి ఇంకెక్కడో ఇంకొకటి. తర్వాతిది ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు. కానీ కొన్ని వేల చుక్కలు పడ్డాక చూస్తే, మళ్లీ అవే గీతలు. ఒక దారిని అట్టముక్కతో మూసేస్తే గీతలు పోతాయి, నల్లగా ఉన్న చోట కూడా చుక్కలు పడతాయి. ఒంటరిగా వచ్చిన రేణువుకు రెండో దారి తెరిచి ఉందో మూసి ఉందో ఎలా తెలిసింది? ఉద్యోగం చేసినంత కాలం సార్ ఈ ప్రశ్నను బోర్డు మీద గీసి అడిగారు. ఏ ఒక్కసారీ కంటితో చూడలేదు. మా కాలేజీ ల్యాబ్‌లో అంత సరంజామా లేదు.

మా ఓనర్ వెనక ఉన్న స్టోర్ గదిని వాడుకోమన్నాడు. పాత గ్రానైట్ బల్ల ఒకటి అందులోనే ఉంది. మూతపడిన ఒక ల్యాబ్ తాలూకు స్క్రాప్‌లో, మసక వెలుగును కూడా పట్టే పాత కెమెరా దొరికింది. వెలుగును తగ్గించడానికి వెల్డింగ్ చేసేవాళ్లు కళ్లకు అడ్డం పెట్టుకునే నల్ల అద్దాలు వరసగా పెట్టాను. అద్దాలు మాత్రం మంచివి తెప్పించాను. లేజర్‌ను మసకబరిచినంత మాత్రాన రేణువులు ఒక్కొక్కటిగా వచ్చినట్టు కాదని తెలిసినవాళ్లు అభ్యంతరం చెబుతారు. ఆ అభ్యంతరం నాకూ ఉంది. సార్‌కు చెప్పాను కూడా. "శుద్ధంగ లేకుంటే మాయె, సూడనియ్యి రా," అన్నారు.

సమస్య వేరే చోట వచ్చింది. మా గోడకు అవతల పవర్ ప్రెస్సుల షెడ్డు. రేకు ముక్కను కింద పెట్టి పైనుంచి అచ్చుతో దబ్బున గుద్దే మిషన్లు. రెండు దారుల్లో ఏదో ఒకటి వెంట్రుక మందంలో వందో వంతు కన్నా తక్కువ మారినా చాలు, నల్ల గీత ఉన్న చోటికి వెలుగు గీత వచ్చేస్తుంది. ప్రెస్సు గుద్దిన ప్రతిసారీ గీతలు జారిపోయేవి. చుక్కలు పోగయ్యేసరికి గంట పడుతుంది, ఆ గంటలో కెమెరాకు కలిపిన తెరంతా ఒకే బూడిద రంగు అయిపోయేది. బల్ల కాళ్ల కింద స్కూటర్ ట్యూబులు పెట్టాను. ఇసుక డబ్బాలు పెట్టాను. థర్మోకోల్ పెట్టాను. మూడింటినీ కలిపి పెట్టాను. షెడ్డులో షిఫ్టులు నడుస్తాయి, ఆర్డరుంటే ఆదివారం కూడా. చివరికి షెడ్డు మేస్త్రీనే అడిగాను. జనగామ వైపు మనిషి, ఎవరినైనా అన్నా అనే పిలుస్తాడు.

"ఇవి ఎప్పుడు బంద్ అయితయన్నా?"

"ఎప్పుడంటే? దసరాకు బంద్. ఆయుధ పూజ అయినంక మిషన్ దిప్పద్దు గద. మల్ల దీపావళి. ఇగ నడుమల బంద్ అంటే, నేను సచ్చిన్నాడు బంద్!" అని నవ్వి, "ఏందన్నా, నిద్రొస్తలేదా మీ గేజులకు?" అన్నాడు.

కాబట్టి దసరా.

ఆ రోజుల్లో సాయంత్రాలు సార్‌ను బండి మీద తీసుకొచ్చి, పెట్టె పక్కన కూర్చోబెట్టి, మళ్లీ ఇంట్లో దింపేవాణ్ని. ఉప్పల్ క్రికెట్ స్టేడియం వెనక రోడ్డు మీద మ్యాచ్ ఉన్న రోజు తప్ప పెద్దగా ట్రాఫిక్ ఉండదు. దారంతా వాదనే. ఈ చుక్కల వెనక అసలు ఏం జరుగుతోందన్న దానికి చాలా జవాబులున్నాయి. వాటిని మూడు గుంపులు చేసుకున్నాను. ఒకటి, లెక్క వేసుకో, ఏం జరుగుతోందని అడగకు. రెండు, రేణువు నిజంగానే ఒక దారిలో పోతుంది, కనిపించని అల ఒకటి రెండు దారుల్లోనూ పోయి దాన్ని నడిపిస్తుంది. మూడు, జరగగలిగినవన్నీ జరుగుతాయి, చుక్క ఇక్కడ పడ్డ లోకం ఒకటి, అక్కడ పడ్డ లోకం ఇంకొకటి, చూసిన మనం కూడా రెండవుతాం. సార్‌కు రెండోది ఇష్టం. నాకు మూడోది లెక్కలో శుభ్రంగా అనిపించేది.

ఒకరోజు ఇంజెక్షన్ వేయించుకుని వస్తున్నారు, కంటికి కట్టు ఉంది. ఓదార్పుగా ఏదో అనాలని, "సార్, మూడోది నిజమైతే ఇంకో లోకంలో మీ కండ్లు బాగానే ఉన్నట్టు," అన్నాను.

"ఆ లోకంలోడు సుఖంగున్నడు గద. ఉండనియ్యి," అన్నారు వెనక నుంచి. కొంచెం దూరం పోయాక నా భుజం మీద తట్టి, "వాడు నాకేమన్న చెప్పొస్తడా రా, ఎట్లున్నదో?"

రాడు. లోకాలు ఒకసారి విడిపోయాక ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. ఆ లెక్క ప్రకారం కూడా ఆయనకు మిగిలేది ఈ కన్నే.

ఇంకో చిక్కు ముడిని ఆయనే తరచూ ఎత్తేవారు. మూసిన గదిలో ఒకడు కొలత తీసుకున్నాడు. వాడికి జవాబు తేలిపోయింది. గది బయట వాడి స్నేహితుడు నిలబడి ఉన్నాడు. బయటివాడి లెక్కలో జవాబే కాదు, లోపలివాడు కూడా ఇంకా తేలలేదు. చూసినవాడూ, చూడనివాడూ ఇద్దరూ సరిగ్గానే లెక్క వేస్తే, జరిగిందా జరగలేదా? "దసరానాడు నువ్వు కెమెరా దిక్కుండు, నేను తెర దిక్కుంట," అనేవారు. "ఇద్దరం లోపటోళ్లమే. బయట మేస్త్రీని పెడుదాం."

సార్ భార్య టిఫిన్ డబ్బా నా చేతికి ఇస్తూ ఒకసారి అన్నారు: "ఈ మనిషికి కండ్లు పోతున్నయని ఫికర్ లేదయ్యా. ఆ గీతలు సూడకుండ పోతయేమోనని ఫికర్." ఆయన వినేట్టుగానే అన్నారు. ఆయన కాదనలేదు.

దసరా ముందు రోజు షెడ్డు ఆగాక అద్దాలు సరిచేసుకున్నాను. వెలుగు ఎక్కువగా ఉన్నప్పుడు గీతలు కదలకుండా నిలబడ్డాయి. అలా నిలబడటం అదే మొదటిసారి. పండగ రోజు పొద్దున సార్‌ను తీసుకొచ్చి బల్ల దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాను. లోపలి గాలి వేడిమి గది గాలితో సమానం కావాలని పెట్టె మూత తీసి ఉంచాను. కెమెరాకు ఇంకో వైరు కావలసి వచ్చి ముందు గదిలోకి వెళ్లాను. అక్కడ ఫోన్ వచ్చింది, మాట్లాడాను.

మా కాలేజీలో దసరాకు ల్యాబ్ పూజ సార్ చేతుల మీదుగానే జరిగేది. స్పెక్ట్రోమీటర్లకు, మైక్రోస్కోపులకు, ముల్లు విరిగిన గాల్వనోమీటర్‌కు కూడా పసుపు కుంకుమ పెట్టేవారు. దేవుడి మీద ఆయనకు పెద్దగా పట్టింపు లేదు. పరికరానికి ఒక రోజు దండం పెట్టినవాడు మిగతా రోజుల్లో దాన్ని విసిరికొట్టడని మాత్రం నమ్మేవారు. మాకూ అలవాటు చేశారు. ఆ పొద్దున జేబులో చిన్న పొట్లం తెచ్చుకున్నారని నాకు తెలియదు.

నేను వైరుతో తిరిగొచ్చేసరికి ఆయన చేతులు రుద్దుకుంటున్నారు. "అన్నిటికి పెట్టిన. కెమెరా ఎన్క ఒకటున్నట్టున్నది, అందలే. దానికి నువ్వు పెట్టు."

నాలుగు అద్దాలు. మూడింటి మీద తడిపిన కుంకుమ బొట్టు, చుట్టూ పసుపు. చట్రానికి పెడుతున్నానని ఆయన అనుకున్నారు. సరిగ్గా కనపడదు కాబట్టి ఉంగరం వేలితో గుండ్రటి వస్తువు అంచు తడుముకుని, మధ్యను వెతికి, మధ్యలో పెట్టారు. వెలుగు పడేది కూడా సరిగ్గా అక్కడే. చెయ్యి ఏమాత్రం వణకలేదు, బొట్లు చక్కగా వచ్చాయి.

ఈ అద్దాలకు పూత ముందు వైపే ఉంటుంది. ఇంట్లో అద్దంలా తుడవడానికి లేదు.

అప్పుడే మేస్త్రీ గుమ్మంలోకి వచ్చాడు, చేతిలో ప్రసాదం. "అరె, మీ దాన్లకు గూడ పూజైందా సార్! ఇగ ఇయ్యాల నడపద్దు మల్ల!"

"మాది మిషన్ గాదయ్యా, అద్దాలు," అన్నారు సార్ నవ్వుతూ.

"అద్దాలైతేంది సార్? పూజ అయినంక అవి గూడ ఆయుధాలే. రేపు పొద్దుగాల నడపుండ్రి. మేము నడుపుతలేమా?"

రేపు పొద్దున అతను ప్రెస్సులు ఆన్ చేస్తాడు. వాటి అదురుకు మా గీతలు నిలవవని అతనికి తెలియదు కదా. అరటిపండు సార్ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

"ఏందిరా, చప్పుడు లేదు?" అన్నారు సార్.

"బొట్టు అద్దం మీద పడ్డది సార్."

"ఏ అద్దం?"

"మూడింటి మీద."

పండు బల్ల మీద పెట్టి, "తుడువు," అన్నారు.

బ్లోయర్‌తో ఊదాను. లెన్సు కాగితాన్ని స్పిరిట్‌లో తడిపి, బరువు వేయకుండా ఒకే దిశలో లాగాను. కుంకుమ తడిసి పరుచుకుంది. దానిలో ఏదో గరుకు ఉంటుంది, కాగితం కింద అది తెలుస్తూనే ఉంది. రెండోసారి లాగినప్పుడు పూత మీద సన్నటి గీతలు పడ్డాయి. మూడో అద్దానికి చేతితో కాకుండా చుక్కలు చుక్కలుగా స్పిరిట్ పోసి చూశాను. అది కొంచెం నయం, అయినా మరక పోలేదు. తర్వాత లేజర్ వేశాను. వెలుగు పెట్టె అంతటా చెల్లాచెదురైంది.

సార్ లేచి తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా వచ్చి ఎడమ కన్ను పెట్టారు. "ఎర్రగ ఉన్నది."

"అది కాదు సార్."

"గీతలు లేవా?"

"లేవు."

గోడ అవతల చప్పుడు లేదు. నేను అక్కడ పనికి చేరాక అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. "కొలిసెటోడే కొలతను జెడగొడుతడని పాఠం జెప్పిన," అన్నారు సార్. అది ఇది కాదు. కొలిచేవాడి వల్ల పాడవడం వేరు, అద్దానికి మరక అంటడం వేరు. ఆ తేడా నాకంటే ఆయనకే బాగా తెలుసు.

కొత్త అద్దాలు ఆర్డర్ పెట్టాను. దీపావళికి అందుతాయన్నారు, అందాయి కూడా. అవి రాకముందే ఒక పొద్దున సార్ ఫోన్ చేశారు. గొంతు మామూలుగానే ఉంది. "కంట్ల సిరా పోసినట్టయింది బిడ్డా. పైకెల్లి కిందికి దిగింది."

లోపల రక్తనాళం తెగింది. ఆటోలో దవాఖానాకు తీసుకెళ్లాం. డాక్టర్ దీపం వేసి చూసి, రక్తం దానంతటదే ఇంకిపోవచ్చు, నెలలు పట్టవచ్చు, ఆపరేషన్ చేయవచ్చు, అయితే వెనక రెటీనా ముడతలు పడి ఊడి వస్తోంది, దాని మీద ఆశ పెట్టుకోవద్దు అన్నారు. నేను ప్రశ్నలు రాసుకుని వెళ్లాను. ఆ మాట తర్వాత అడగవలసినవి ఏమీ మిగల్లేదు. సార్ ఒక్కటే అడిగారు: "దీపావళి దాన్క వెలుగన్న తెలుస్తదా?" వెలుగు తెలుస్తుందన్నారు. ఆకారాలు తెలియవన్నారు.

దీపావళి మధ్యాహ్నం షెడ్డు ఆగింది. పటాకులు ఇంకా మొదలు కాలేదు. సార్ వస్తానన్నారు, తీసుకొచ్చాను. ఈసారి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు, దేన్నీ ముట్టుకోలేదు. మూత పెట్టాను, నల్ల అద్దాలు పెట్టాను, కెమెరా మొదలుపెట్టాను.

మొదటి చుక్క తెర మీద ఎడమ వైపు పడింది. చెప్పాను. రెండోది కుడి వైపు, కింద. చెప్పాను. కొన్నింటిని అలాగే చెప్పాను. తర్వాత చెప్పడం కుదరనన్ని అయ్యాయి. ఇంకొంత సేపటికి గుంపులు కనపడ్డాయి, గుంపులు నిలువుగా సర్దుకున్నాయి. గంట కాకముందే గీతలు వచ్చేశాయి. నల్ల గీతలు నిజంగా నల్లగా ఉన్నాయి. ఇంటర్వ్యూలో నేను చెప్పబోయిన నాలుగు అంశాలూ ఆ నల్ల చోట్లలోనే ఉన్నాయి. అంత మంచి ఫలితం నేను మళ్లీ తీయలేను.

"వచ్చినయా?" అన్నారు సార్. ముఖం తెరకు కొంచెం పక్కగా, గోడ వైపు తిరిగి ఉంది.

"వచ్చినయి సార్."

"ఎట్లున్నయి?"

"ఏడు వెలుగు గీతలు. మధ్యలోది అన్నిటికన్న ఎక్కువ వెలుగు. నడుమ నల్లవి. అంచులకు పోను పోను మసక."

"బోర్డు మీద గీసినట్టే?"

"అట్లనే సార్."

తల ఊపారు. "అట్లనే ఉంటదని తెలుసు రా. తెలుసుడు వేరే." ముఖం నా గొంతు వైపు తిప్పి, "అనుకోలే, నేను బయటోన్ని అయితనని," అన్నారు.

లోపలివాడు బయటివాడికి ఫలితం చెబితే బయటివాడికి కూడా తేలిపోయినట్టే. ఆ ముడిలో ఉన్న నియమం అదే, అందరూ ఒప్పుకునేది. ఆ మాట అన్నాను: "నేను చెప్పిన కదా సార్. మీకు కూడ తేలినట్టే."

"నీకు తేలింది. మంచిదే," అన్నారు. కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచి, నా భుజం కోసం గాలిలో చెయ్యి చాపారు. భుజం అందించాను. ఇంటికి పోయేటప్పుడు ఆ మూడు గుంపుల జవాబుల్లో దేని గురించీ మాట్లాడలేదు. మెట్రో స్తంభాల కింద ఎవరో చిచ్చుబుడ్డి వెలిగించారు. సార్ తల అటు తిప్పి, "ఏదో ఎలిగింది," అన్నారు.

ఆ తర్వాత రక్తం ఇంకలేదు, ఆపరేషన్ చేశారు, రెటీనా నిలవలేదు. ఇప్పుడు వెలుగు కూడా తెలియదు.

దీపావళి మర్నాడు పొద్దున్నే గదికి వెళ్లాను. పెట్టె విప్పేముందు వెలుగు పెంచి ఒకసారి వేశాను. గీతలు నిలబడే ఉన్నాయి. గోడ అవతల మేస్త్రీ ఎవరినో పండగ మత్తు దిగలేదా అని తిడుతున్నాడు. తర్వాత మొదటి ప్రెస్సు దబ్బుమంది. గీతలు పక్కకు జరిగాయి, మళ్లీ జరిగాయి, తెరంతా బూడిద రంగయ్యింది. లేజర్ ఆపాను. కొత్త అద్దాలను ఒక్కొక్కటిగా దూదిలో చుట్టాను. పసుపు మరకలున్న పాతవి మూడింటిని వాటి కిందనే పెట్టాను. గేజుల టేబుల్ మీద అప్పటికే నాలుగు డబ్బాలు వచ్చి ఉన్నాయి.